బీడుకు నీళ్ళు పెట్టిన మనిషి

మా మామ పేరు ఎత్తితే మా ఇమ్మాల్ ఊరి నుంచి వచ్చినవాళ్ళు ఇప్పటికీ శాపనార్థాలు పెడతారు. పెట్టనివ్వండి. పుట్టిన నేల ఉప్పుతేలిపోతే, పసిపిల్లల్ని చంకనేసుకుని ఏటి వెంట పన్నెండు రోజులు నడిచి ఈ ఎగువ ఊరికి వచ్చిపడ్డవాళ్ళు ఎవరినో ఒకరిని తిట్టుకోవాలి కదా. కానీ ఆ తిట్లలో సగం వాటా నాది. ఆ సంగతి ముప్పై ఏళ్ళుగా కడుపులో పెట్టుకుని తిరిగాను. ఇప్పుడు పళ్ళూడిపోయాయి, చూపు మందగించింది, ఇంకా దాచిపెట్టి ఏం చేసుకుంటాను? ఓపిక ఉన్నవాళ్ళు వినండి, లేనివాళ్ళు లేచి మీ పని చూసుకోండి.

ఆయన పేరు అబ్బగీన. ఇమ్మాల్‌కి నీరటి. పెద్ద ఏటి నుంచి తవ్విన కాలువ మా ఊరి మొదట్లో రెండుగా చీలేది. ఒకటి తూర్పు చేనుకి, ఇంకొకటి పడమటి చేనుకి. ఆ రెండు తూములూ ఆయన చేతిలో ఉండేవి. అంతకుముందు ఆయన తండ్రి చేతిలో, అంతకుముందు తాత చేతిలో. పొట్టి మనిషి. కాళ్ళకు మోకాళ్ళదాకా ఎప్పుడూ బురదే. రెల్లు కోసుకునేవాళ్ళు, ఇటుకలు కోసేవాళ్ళు సాయంత్రం కల్లుకుండ చుట్టూ చేరి గొట్టాలతో బార్లీ కల్లు పీలుస్తూ కబుర్లు చెప్పుకుంటుంటే, ఈయన గట్టు మీద గొంతుక్కూర్చుని నీళ్ళకేసి చూస్తూ ఉండేవాడు.

నేను కోడలిగా కాలుపెట్టిన రోజున ఆయన నాతో అన్న మొదటి మాట నాకింకా గుర్తుంది.

"అమ్మాయ్, గట్టు మీదుగా వచ్చావా, కింద నుంచి వచ్చావా?"

"గట్టు మీదుగానే మామా. కింద బురదగా ఉంది."

"ఇంకెప్పుడూ ఆ పని చెయ్యకు. గట్టు తెగితే మీ పుట్టింటోళ్ళొచ్చి పూడుస్తారా?"

కొత్త పెళ్ళికూతురిని, వెక్కి వెక్కి ఏడ్చాను. మా ఆయన ఊర్నిగర్ పక్కన నిలబడి నవ్వాడు. "మా నాన్నకి మనుషులకన్నా మట్టి మీదే ప్రేమ, నువ్వేం అనుకోకు" అన్నాడు. పోనుపోనూ నాకూ అలవాటైంది. చేపల పులుసులో ఉల్లిపాయ ఎక్కువ వేస్తే ఇష్టంగా తినేవాడు. బాగుందని మాత్రం నోటితో ఒక్కనాడూ అనలేదు. గిన్నె ఖాళీ చేసి నా ముందుకు తోసేవాడు, నేను మళ్ళీ వడ్డించేదాన్ని.

మా ఊళ్ళో ఒక ఏడు ఒక చేను వేస్తే రెండోది బీడు పెట్టేవాళ్ళు. ఊరికే వదిలెయ్యడం కాదు. బీడు చేను తూముకు మా మామ మట్టి మెత్తి, తడి ఆరకముందే దాని మీద తన బొటనవేలు అద్దేవాడు. ఇక ఏడాదంతా ఆ చేనుకి చుక్క నీరు పోకూడదు. ముళ్ళకంప నడుము ఎత్తుకు పెరిగేది. ఆ కంపను ఎవరూ కొట్టకూడదు. మేకలకు వెయ్యకూడదు, పొయ్యిలోకి తేకూడదు. కట్టెపుల్ల దొరకని ఊరు మాది. ఎండు పేడ, తాటాకు, రెల్లు, ఇవే మా వంటచెరకు. కళ్ళెదురుగా అంత కంప ఎండుతుంటే ఆడవాళ్ళకు ఒళ్ళు మండేది. పక్కింటి షషా అయితే నోరు ఊరుకునేది కాదు.

"ఏమే నిన్‌హెడూ, మీ మామ ఈ ఏడు ఆ ముళ్ళకి పెళ్ళి చేస్తాడంటగా? మమ్మల్ని భోజనానికి పిలవండే."

ఉక్రోషం వచ్చి నేనే ఒకసారి చీకటి విడవకముందే వెళ్ళి ఒక మోపు నరుక్కొచ్చాను. ఆయన చూశాడు. కేకలెయ్యలేదు. మోపు నా నెత్తినే పెట్టి, మళ్ళీ చేను దాకా నడిపించాడు. అక్కడ పార తీసుకుని ఒక ముళ్ళమొక్క పక్కన తవ్వడం మొదలుపెట్టాడు. ఆయన నడుములోతు దిగాడు, వేరు అయిపోలేదు. ఛాతీలోతు దిగాడు, ఇంకా కిందికే పోతోంది.

"చూశావా? దీని వేరు మనిషి నిలువుకన్నా లోతుకి పోద్ది. ఈ నేల కింద నీళ్ళున్నాయి. ఆ నీళ్ళల్లో ఉప్పుంది. మనం పైన పెట్టేకొద్దీ కింద నీళ్ళు పైకి లేస్తాయి. పైదాకా వచ్చాయంటే ఎండకి నీళ్ళెగిరిపోయి ఉప్పు మిగిలిపోద్ది. ఈ ముల్లు ఏడాదంతా ఆ కింద నీళ్ళు తాగి, మళ్ళీ అడుక్కి దించుద్ది. అప్పుడు మనం ఒక్క పంట తీసుకోవచ్చు. ఒక్కటే."

"ఇది మీకెవరు చెప్పారు మామా?"

"మా నాన్న. ఆయనకి వాళ్ళ నాన్న. పోయేముందు మా నాన్న నాచేత ఒట్టేయించుకున్నాడు, బీడు ఏడు బీడుకి నీళ్ళు పెట్టనని."

ఆ తండ్రి మా ఇంటి నడిమి గది కింద ఉండేవాడు. మాకు అదే కదా ఆచారం, పోయినవాళ్ళను మన ఇంట్లోనే పూడ్చుకుంటాం. అమావాస్య పోయి సన్నని నెలవంక కనిపించిన రోజున నేలలోకి దించిన మట్టిగొట్టంలో మా మామ నీళ్ళు పోసేవాడు. పోస్తూ పొలం సంగతులన్నీ చెప్పేవాడు. ఫలానా గట్టు బాగుచేశాను నాన్నా, ఫలానా చోట పూడిక తీయించాను నాన్నా అని. బతికున్న కొడుకుతో కూడా అన్ని మాటలు మాట్లాడినట్టు నేనెరగను.

రోజులు అలాగే జరిగిపోతే ఎంత బాగుండేది.

ఉత్తరాన గుడారాలవాళ్ళు ఊళ్ళకు ఊళ్ళు దోచుకుంటున్నారని, రాజుగారు వాళ్ళను ఆపడానికి ఏటి నుంచి ఏటిదాకా గోడ కట్టిస్తున్నారని వినేవాళ్ళం. ఆ గోడకు మనుషులు కావాలి. ముందటేడు మా ఊరి నుంచి పదకొండుమంది వెళితే నలుగురు వచ్చారు. మిగిలినవాళ్ళు జ్వరాలతో కొందరు, బాణాలతో కొందరు, తిండిలేక కొందరు పోయారు. ఆ ఏడు మా ఆయన్ని తీసుకుపోయారు. అప్పటికి నాకు మూడో నెల. పడవ ఎక్కుతూ "పొట్టోడు పుడితే నాన్నలా గట్ల మీద కూర్చోబెట్టకండి" అని నవ్వించబోయాడు. నాకు నవ్వు రాలేదు.

ఆయన వెళ్ళిన నెలకు రాజధాని నుంచి ఇప్కూషా అనే అధికారి మట్టిపలకలు మోయించుకుని వచ్చాడు. మంచి బట్టలే కానీ మనిషి బాగా నలిగిపోయి ఉన్నాడు, కళ్ళ కింద నల్లటి చారలు. మా చాప మీద కూర్చుని, నేనిచ్చిన కల్లు తాగి, మెల్లగా మొదలుపెట్టాడు.

"ఏంటి పెద్దాయనా, రాజుగారి నేలలో ముళ్ళు పండిస్తున్నావంట?"

"వాటంతటవే పండుతున్నాయి బాబూ. నేను అడ్డం పడటం లేదు, అంతే."

"ఉత్తరం నుంచి గింజ రావడం ఆగిపోయింది. నగరంలో జనం రొట్టెల కోసం కొట్టుకుంటున్నారు. ఈ ఏడు రెండు చేలూ వెయ్యాలి. ఆజ్ఞ."

"వేస్తే ఈ ఏడు రెండింతలు పట్టుకెళ్తారు. నాలుగో ఏడు ఏం పట్టుకెళ్తారు?"

"నాలుగో ఏటి సంగతి నాలుగో ఏడు చూసుకుందాం. ఈ ఏటి ఆకలికి ఈ ఏడే అన్నం పెట్టాలి."

"నా చేత్తో మాత్రం తియ్యను బాబూ. ఒట్టుంది."

అధికారి కొడతాడనుకున్నాను. కొట్టలేదు. దిగువ ఊరి నీరటి కాదంటే పళ్ళు రాలగొట్టి వచ్చామని, అయినా వాడు ఒప్పుకోలేదని, తన మనుషులు తూము పగలగొట్టగలరు కానీ తర్వాత నీళ్ళు నడపడం వాళ్ళ చేతగాదని, చేనంతా మునిగిపోతుందని తనే చెప్పాడు. తర్వాత నాకేసి చూశాడు, నా కడుపుకేసి చూశాడు.

"నీ కొడుకు గోడ దగ్గరున్నాడు కదూ? వెనక్కి పంపాల్సినవాళ్ళ పేర్లు పలక మీద రాసేది నేనే. ఒక పేరు ఎక్కువ రాస్తే నన్ను అడిగేవాడు లేడు. మూడు రోజులు ఊరి పెద్ద ఇంట్లో ఉంటాను. ఆలోచించుకో."

ఆయన వెళ్ళాక మామ ఒక్కటే మాట అన్నాడు. "ఒక్కడి కోసం ఊరినా" అన్నాడు. అని పార భుజాన వేసుకుని తూము దగ్గరికి వెళ్ళిపోయాడు.

రెండు రోజులు గడిచాయి. మూడో రోజు మధ్యాహ్నం రొట్టె, ఎండుచేప మూటగట్టి తూము దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన తింటుంటే ఎదురుగా నిలబడ్డాను. నాకు అప్పుడు పద్దెనిమిదేళ్ళు. ఊరు, నేల, నాలుగో ఏడు, ఇవేవీ నాకు పట్టలేదు. రాత్రిళ్ళు పక్కన ఖాళీగా ఉన్న చాప ఒక్కటే కనిపించేది.

"మామా, తూము తీయండి."

ఆయన నమలడం ఆపాడు.

"ఒట్టు సంగతి చెప్పాను కదా."

"మీ నాన్న నేల కింద ఉన్నాడు. మీ కొడుకు ఇంకా నేల మీద ఉన్నాడు. ఎవరి మాట వింటారు?"

అంత మాట ఎలా అన్నానో. అన్నాను. ఆయన నీళ్ళకేసి తిరిగాడు.

"ఏం అడుగుతున్నావో తెలిసే అడుగుతున్నావా అమ్మాయ్?"

"తెలిసే."

"ఈ నేల పోతే మళ్ళీ రాదు."

"ఆయన పోయినా మళ్ళీ రాడు మామా."

రొట్టె సగంలో వదిలేసి లేచాడు. మర్నాడు పొద్దున్న పడమటి తూము మీద తన వేలిముద్రను పార మడమతో తనే పగలగొట్టాడు. కంప తగలబెట్టించాడు. బీడులోకి నీళ్ళు పారుతుంటే ఊరంతా వచ్చి చూసింది, పిల్లలు అందులో దూకి ఆడారు. రాజాజ్ఞ అని ఊరికి చెప్పాం. బేరం సంగతి మా ఇద్దరికీ, ఆ అధికారికీ తప్ప ఎవరికీ తెలియదు.

ఆ ఏటి పంట అలాంటిలాంటి పంట కాదు. వెన్నుల బరువుకు కాడలు వంగిపోయాయి. కాల్చిన మట్టి కొడవళ్ళు చాలక పక్క ఊరి నుంచి తెచ్చుకున్నారు. రాజుగారి పడవలు నిండాక కూడా కల్లాల్లో కుప్పలు మిగిలాయి. షషా మా గడపలోకి వచ్చి కొత్త బార్లీ రొట్టె మామ చేతిలో పెట్టి, "ఇన్నాళ్ళూ ఈ చేను మా నోటి ముందర ఎండబెట్టావు కదయ్యా పెద్దాయనా" అంది. ఆయన తీసుకున్నాడు కానీ తినలేదు.

అధికారి మాట తప్పలేదు. కల్లాలు తొక్కుతుండగా మా ఆయన తిరిగొచ్చాడు. ఎముకల గూడు, ఎడమ కాలు కాస్త కుంటి. అప్పటికి నా ఒళ్ళో ఇరవై రోజుల ఆడపిల్ల. ఆయన గుమ్మంలో కూలబడి పిల్లను చూస్తూ ఏడుస్తుంటే, ఊరు కాదు కదా లోకం మునిగినా నాకేం అనిపించింది. నిజం చెబుతున్నాను, ఆ రోజు నాకు ఇసుమంత పశ్చాత్తాపం లేదు. తన వంతు అయిపోయింది కాబట్టి పంపేశారని ఆయన అనుకున్నాడు. నేను నోరు తెరవబోతే మామ కళ్ళతోనే వారించాడు.

తర్వాత ఒంటరిగా దొరికినప్పుడు అన్నాడు. "వాడికి చెప్పకు. చెబితే బతికినన్నాళ్ళూ ఆ బరువు మొయ్యాలి. వాడి వయసుకి ఎందుకది?"

మరుసటి ఏడు మామ తూర్పు చేను బీడు పెడదామన్నాడు. ఊరు నవ్వింది. ముందు నవ్విందెవరో తెలుసా, మా ఆయనే.

"ఇన్నేళ్ళూ ముళ్ళకి కాపలా కాసి ఏం సాధించావు నాన్నా? రెండు చేలూ వేస్తే ఏమైంది, ఆకాశం ఊడిపడిందా?"

రుచి మరిగిన నోరు ఊరుకుంటుందా? రెండు చేలూ వేశారు. ఆ ఏడు పంట కాస్త తగ్గింది, ఎలుకలన్నారు. మూడో ఏడు అక్కడక్కడ మొలకే రాలేదు, విత్తనం మంచిది కాదన్నారు. మామ మాత్రం రోజూ పొద్దున్నే వెళ్ళి మట్టి చిటికెడు తీసి నాలుక మీద వేసుకునేవాడు. పులుసు గిన్నె నా ముందుకు తొయ్యడం మానేశాడు.

నాలుగో ఏడు తెల్లటి పొర తేలింది. ముందు గట్ల వెంట, తర్వాత నడిమధ్య. అప్పుడు ఊరంతా కలిసి చేసిన పని ఒకటుంది. ఉప్పు కదా, నీళ్ళతో కడిగితే పోతుందన్నారు. గిన్నెకు అంటిన ఉప్పు కడిగితే పోవడం లేదా అన్నారు. మామకు అది తప్పని తెలుసు. ఆ ముళ్ళవేరు నాకు తవ్వి చూపించిన మనిషే కదా. కానీ చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు, ఆయన కూడా నమ్మాడు. నమ్మాలనిపించింది పాపం. రెండు తూములూ బార్లా తీశాడు. నెల్లాళ్ళు రెండు చేలూ చెరువుల్లా నిండుగా నిలబడ్డాయి. మామ గట్టు మీద అటూ ఇటూ తిరుగుతూ, "దిగుతోంది, దిగుతోంది" అని తనలో తను అనుకునేవాడు.

నీళ్ళు ఎండాక రెండు చేలూ ఈ చివర నుంచి ఆ చివరకు పిండి ఆరబోసినట్టు తెల్లగా మిగిలాయి. ఎండలో చూస్తే కళ్ళు నొప్పెట్టేవి. ఆ తర్వాత బావులు ఉప్పనయ్యాయి. పసిపిల్లలకు విరేచనాలు పట్టుకున్నాయి. ఎద్దులను కోసుకు తిన్నారు. ఖర్జూరాలు ఒక్కటే మిగిలాయి, అవీ ఎంతకాలం? షషా చిన్నకొడుకు పోయాడు. మూడేళ్ళవాడు, మా పిల్లతో ఆడుకునేవాడు. గది కింద గొయ్యి తీస్తుంటే అడుగున ఉప్పునీళ్ళు ఊరాయని షషా నాతో చెప్పింది. బిడ్డను ఆ నీళ్ళలోనే పెట్టాల్సి వచ్చిందని చెప్పింది. ఎప్పుడూ నోరు మూయని మనిషి, ఆ తర్వాత వారం రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు.

రాజధాని నుంచి పడవలు రావడం మానేశాయి. పలకలు లేవు, ఆజ్ఞలు లేవు, అధికారి ఏమయ్యాడో తెలియదు. తూర్పు కొండలవాళ్ళు దిగుతున్నారని, రాజుగారి కోట చుట్టూ మూగారని ఎవరో అన్నారు. అప్పుడు ఊరి ద్వారం దగ్గర సభ కూర్చుంది. ఊరు విడిచి ఎగువకు పోవాలని తేల్చడానికి ఎంతోసేపు పట్టలేదు. ఆ తర్వాత మామను పిలిచారు.

ఊరి పెద్ద అడిగాడు. "దిగువ ఊరి నీరటిని కొట్టారు, పళ్ళు రాలగొట్టారు, అయినా వాడు బీడుకి నీళ్ళు పెట్టలేదు. వాళ్ళ చేను ఇవాళ్టికీ పచ్చగా ఉంది. నీ మీద ఒక్క దెబ్బ కూడా పడలేదు. మరి నువ్వెందుకు పెట్టావు అబ్బగీనా?"

ఆయన ఒక్కసారి నాకేసి చూశాడు. ఒక్కసారే. నా చంకలో పిల్ల ఉంది, పక్కన మొగుడున్నాడు.

"ఆశ పుట్టింది. రెండు చేలూ ఒక్కసారి పచ్చగా ఉంటే కళ్ళారా చూడాలనిపించింది" అన్నాడు.

జనంలో గగ్గోలు లేచింది. షషా మట్టిబెడ్డ విసిరింది, ఆయన భుజానికి తగిలింది. మా ఆయన ముందుకెళ్ళాడు. వెళ్ళి తండ్రి మొహం మీద మొహం పెట్టి అన్నాడు.

"నీ ఆశకి ఊరు ఉప్పైంది ముసలోడా. నా కూతురికి ఏం పెట్టాలి ఇప్పుడు? నీ గట్టుమట్టి పెట్టనా? ఇవాళ్టి నుంచి నాకు తండ్రి లేడు."

నేను చెప్పాలి కదా? ఆశ కాదు, నేనే అడిగాను, ఈ కుంటికాలి మనిషి ఇక్కడ నిలబడి అరవగలుగుతున్నాడంటే అందుకే అని చెప్పాలి కదా? చెప్పలేదు. నాలుక పిడచగట్టుకుపోయిందనీ అదనీ ఇదనీ ఇన్నాళ్ళూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. అబద్ధం. భయపడ్డాను. ఆ బెడ్డలు నా మీద పడతాయని, నా మొగుడు నా మొహం చూడడని భయపడ్డాను. పిల్లను గట్టిగా పట్టుకుని తల వంచుకున్నాను.

అబ్బగీన మాతో రాకూడదని సభ తీర్పు చెప్పింది. ఆయన అభ్యంతరం చెప్పలేదు.

బయలుదేరే పొద్దున మా ఆయన మూటలు కడుతుంటే, నేను ఆఖరి రొట్టెలు రెండు తీసుకుని నడిమి గదిలోకి వెళ్ళాను. మామ గోడకు ఆనుకుని కూర్చుని ఉన్నాడు. చిక్కిపోయి చిన్నపిల్లాడంత అయ్యాడు. నేను కాళ్ళ దగ్గర కూలబడి ఏడవడం మొదలుపెట్టాను. ఆయన ఓదార్చలేదు.

"ఏడవకు. ఊరి ముందు తప్పు నాది, సరే. ఈ గదిలో మాత్రం ఇద్దరిదీ. నువ్వు అడిగావు, నేను తీశాను. నీ సగం నువ్వు మోసుకో, నా సగం నేను మోసుకుంటా."

"సరే మామా."

"నాకు కోపం లేదు. నా కొడుకుని నాలుగేళ్ళు ఇంట్లో చూసుకున్నాను, మనవరాల్ని ఎత్తుకున్నాను. కానీ వాడికి మాత్రం చెప్పకు. వాడు మొండోడు. తెలిసిందంటే నా కోసం వెనక్కొస్తాడు. రానివ్వకు."

"చెప్పను మామా."

"రొట్టెలు తీసుకుపో. పిల్లకి పెట్టు."

ఒకటి తీసుకుని ఒకటి అక్కడే వదిలేసి వచ్చాను.

నడక మొదలైంది. దారిలో చచ్చిన ఊళ్ళు చాలా కనిపించాయి. గుళ్ళ మెట్ల మీద గొర్రెలు పడుకుని ఉన్నాయి. మావాళ్ళు నడుస్తూ తిట్టేవాళ్ళు, కూర్చుని తిట్టేవాళ్ళు, గుక్కెడు నీళ్ళు తాగి మళ్ళీ తిట్టేవాళ్ళు. అందరికన్నా ఎక్కువ తిట్టింది మా ఆయన. సిగ్గు కదా మరి, ఆ తండ్రికి కొడుకని అందరూ వేలెత్తి చూపిస్తారని ముందు తనే మొదలుపెట్టేవాడు. నేను పళ్ళు బిగబట్టుకుని నడిచాను. ఒక రోజు, రెండు రోజులు, మూడు రోజులు.

నాలుగో రోజు ఒక రేవు దగ్గర ఖర్జూరం చెట్ల కింద ఆగాం. మా పిల్ల తండ్రి భుజాల మీద ఉంది. ఆయన యథాప్రకారం ఏదో అన్నాడు. దానికి పిల్ల కిలకిలా నవ్వి, చప్పట్లు కొడుతూ, "తాత ఉప్పు తిని చావాలి, తాత ఉప్పు తిని చావాలి" అంది.

నాకు ఒళ్ళు తెలియలేదు. పిల్లను లాగి వీపు మీద చరిచాను. అది గుక్కపట్టి ఏడ్చింది. మా ఆయన నామీద లేచాడు.

"దాన్నెందుకు కొడతావే? ఉన్నమాటే అందిగా?"

"ఆ తాతే లేకపోతే నువ్వు ఆ గోడ కింద కుళ్ళిపోయి ఉండేవాడివి. ఆయన తూము తీసింది ఆశపడి కాదు. తీస్తే నిన్ను పంపుతామన్నారు. ఆయన కాదన్నాడు. నేనే అడిగి తీయించాను."

అందరికీ దూరంగా ఉన్నాం కాబట్టి ఎవరూ వినలేదు. ఆయన వెనక్కి, మేం వచ్చిన దారికేసి చూసి అడిగాడు.

"సభలో నాన్న ఎందుకు చెప్పలేదు?"

"నన్ను కాపాడటానికి."

"నువ్వెందుకు చెప్పలేదు?"

ఆయన తిట్టలేదు, చెయ్యి చేసుకోలేదు. కొట్టి ఉంటే బాగుండేదని ఎన్నిసార్లు అనుకున్నానో. పిల్ల దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని ముక్కు తుడిచాడు. నీళ్ళ తిత్తి భుజాన వేసుకున్నాడు.

"ఈ రేవు కదలకండి. ముసలాయన్ని తీసుకుని వచ్చేస్తాను" అన్నాడు.

"వద్దన్నాడయ్యా. రానివ్వద్దని నాచేత మాట తీసుకున్నాడు."

"నేనన్న మాట వెనక్కి తీసుకోవాలి కదే" అన్నాడు. కుంటుకుంటూ వెళ్ళిపోయాడు.

ఊరివాళ్ళు ముందుకు సాగిపోయారు. నేనూ పిల్లా రేవు దగ్గరే ఉండిపోయాం. రాలిన ఖర్జూరాలు ఏరుకుని తిన్నాం. తొమ్మిదో రోజున దిగువ నుంచి ఒక రెల్లు పడవ వచ్చింది. అందులో రెల్లు కోసేవాడు ఒకడు, చెవి దగ్గర గాయం. ఇమ్మాల్ ఏమైందని అడిగాను. కొండలవాళ్ళు ఇమ్మాల్‌ని కాల్చేశారని, అక్కడ దోచుకోవడానికి ఏమీ లేకపోయేసరికి కోపంతో దారుల వెంట పడ్డారని చెప్పాడు.

"దారిలో కుంటికాలి మనిషి ఎవరైనా కనిపించాడా అన్నా?"

"కనిపించాడమ్మా. పెద్ద కాలవ గట్టు మీద. ఎవరో ముసలాయన్ని వీపున వేసుకుని వస్తున్నాడు. నేను రెల్లులో దాక్కుని పిలిచాను, ఆ ముసలాణ్ణి దించేసి ఇటు దూకవయ్యా అని. ఆ ముసలాయన కూడా దించు దించు అని వాడి వీపు మీద గుద్దుతున్నాడు. వాడు దించలేదు. గాడిదబండ్ల మీద వచ్చారు వాళ్ళు. ఇద్దర్నీ ఒక్క ఈటెతోనే."

ఇంకా ఏదో చెప్పబోయాడు. చాలన్నాను. పిల్లను చంకనేసుకుని, మావాళ్ళు పోయిన ఎగువ దారి పట్టాను.

మా ఆయన్ని గోడ దగ్గర నుంచి తెప్పించుకోవడానికి ఒక ఊరు ఖర్చయింది. పోగొట్టుకోవడానికి నా ఒక్క మాట చాలింది. చెప్పకపోయి ఉంటే ఈ పాటికి ఇక్కడే, ఈ గుమ్మంలోనే, తండ్రిని తిట్టుకుంటూ ముసలివాడై కూర్చుని ఉండేవాడు. అలా అని చెప్పకుండా ఉండాల్సిందని కూడా అనుకోలేకపోతున్నాను. ఎన్నిసార్లు అనుకుందామని చూసినా నావల్ల కావడం లేదు.